ఆమెకు తెలిసే తీశారా? పోర్న్ చూసేవాళ్ళు దారి మార్చుకోవడం ఎలా

పోర్న్ మానేయమని చెప్పడానికి ఇది రాయట్లేదు. మానేద్దామనుకునేవాళ్ళకి బ్రహ్మచర్యం మీద గంటలకొద్దీ ఉపన్యాసాలు ఎక్కడైనా దొరుకుతాయి. చూస్తూనే ఉండి, చూశాక ఫోన్ పక్కన పడేసి పైన తిరిగే ఫ్యాన్ వంక చూస్తున్నప్పుడు "ఇంతకీ ఇది నెట్‌లో ఉందని ఆ అమ్మాయికి తెలుసా" అని ఒక్కసారైనా అనిపించినవాళ్ళ కోసం రాస్తున్నా, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా. పద్దెనిమిది నిండనివాళ్ళు మాత్రం ఇక్కడే ఆగిపోండి.

నాకలా అనిపించింది ఇంజనీరింగ్ మూడో ఏడులో. హాస్టల్ రూములో ఆరుగురం, ఒకటే లాప్‌టాప్. ఎవడో పెన్‌డ్రైవ్‌లో "లోకల్" అని ఒక ఫోల్డర్ తెచ్చాడు. ఒక వీడియోలో కెమెరా అటక మీద పెట్టినట్టుంది, ఫ్రేములో ఒక పక్కంతా అట్టపెట్టె అంచు అడ్డం. ఒకామె లోపలికొచ్చింది, ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పింది, గాజులు ఒక్కొక్కటే తీసి కిటికీ గూట్లో పెట్టుకుంటోంది. పగిలిపోతాయేమో అన్నట్టు మెల్లగా. అప్పుడు మావాడొకడు "ఒరేయ్ పాజ్ కొట్టు" అన్నాడు. గోడ మీద క్యాలెండర్ చూపించాడు. అది వాళ్ళ ఊళ్ళో బట్టల షాపువాళ్ళు సంక్రాంతికి పంచే క్యాలెండర్, వాళ్ళింట్లో కూడా అదే ఉంది. ఇక ఎవరూ ప్లే నొక్కలేదు. మేమేదో మంచివాళ్ళమని చెప్పుకోవట్లేదు, మర్నాడు ఇంకో ఫోల్డర్ చూశాం. కానీ ఆ క్యాలెండర్ నా బుర్రలోంచి పోలేదు. అప్పటిదాకా ఆమె "లోకల్", ఆ తర్వాత వాడి ఊరి మనిషి.

అందుకే నాకు మిగిలింది ఒక్క ప్రశ్న. నాలాంటివాడు చూస్తాడని ఇందులో ఉన్న మనిషికి ముందే తెలుసా, తెలిసే ఒప్పుకుందా? కింద రాసినవన్నీ ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కునే పద్ధతులే.

మొదటి పని: ఫోన్ దులపండి

కొత్తది వెతుక్కునే ముందు ఉన్న చెత్త తీసేయాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్ళి మీడియా ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆఫ్ చేయండి. టెలిగ్రామ్‌లో కూడా డేటా అండ్ స్టోరేజ్ కింద అదే ఉంటుంది. ఇది ఎందుకంటే, గ్రూపులో ఎవడో పడేసింది మీరు తెరవకపోయినా మీ ఫోన్‌లో కూర్చుంటుంది, దానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే. తర్వాత "లీక్డ్", "ఎంఎంఎస్", "వీఐపీ" లాంటి పేర్లున్న ఛానెళ్ళ నుంచి బయటికి రండి. మ్యూట్ చేస్తే చాలదు, లీవ్ కొట్టండి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే దీని మీద మన దగ్గర సగం భయం, సగం అపోహ. పెద్దవాళ్ళు తమ గదిలో ఒంటరిగా చూసుకోవడం దానికదే నేరం కాదని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ పంపడం వేరు. ఐటీ చట్టం 67ఏ కింద శృంగార వీడియోని ఎలక్ట్రానిక్‌గా ప్రచురించినా, పంపినా మొదటిసారికి అయిదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. "నేను తీయలేదు సార్, ఫార్వర్డ్ చేశానంతే" అన్న మాట అక్కడ పనికిరాదు. చట్టం పట్టించుకునేది ఆ పంపడాన్నే. ఆడమనిషికి తెలియకుండా ఆమె ఏకాంతాన్ని చూడటం, తీయడం, పంచడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కిందకి వస్తాయి. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళు.

పిల్లలున్న వీడియో విషయంలో వాదనలే లేవు. అలాంటిది చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, దాన్ని "చైల్డ్ పోర్న్" అనొద్దు, పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీ, వేధింపులకి సంబంధించిన సామగ్రి అనాలని కూడా అంది. ఎక్కడైనా ఎదురైతే "చూడండి ఎంత దారుణమో" అని ఇంకో గ్రూపులో పెట్టకండి, మంచి ఉద్దేశంతో పెట్టినా సరే. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరు చెప్పకుండా కంప్లెయింట్ ఇచ్చే వీలుంది. అక్కడ చెప్పండి, ఆ గ్రూపు వదిలేయండి.

రెండో పని: టైటిల్ చదవడం నేర్చుకోండి

నవ్వొచ్చేట్టుంది కానీ చాలా పనికొచ్చేది ఇదే. మనం టైటిల్‌ని చదవం, కళ్ళతో దాటేస్తాం. ఒకసారి ఆగి, పేపర్లో వార్త చదివినట్టు చదవండి. "పక్కింటి ఆంటీకి తెలియకుండా", "హాస్టల్ బాత్రూమ్‌లో దొరికిపోయింది", "తాగించి", "మాజీ లవర్ బయటపెట్టింది". ఆ "తెలియకుండా" అన్న మాట నేరాన్ని టైటిల్లోనే ఒప్పుకుంటోంది. "నటనేమో, ఊరికే అలా పెట్టారేమో" అనుకోవచ్చు, కొన్ని నిజంగానే నటన. కానీ నటించినవాళ్ళ పేరు లేదు, తీసిన కంపెనీ పేరు లేదు, అప్‌లోడ్ చేసినవాడి పేరు అంకెలూ అక్షరాలూ కలిపిన ఏదో చెత్త. అప్పుడు నటనో కాదో తేల్చుకోవడానికి మీ దగ్గర ఆధారమే లేదు. ఆధారం లేనప్పుడు చూడకపోవడమే నేను పెట్టుకున్న రూలు.

తెలుగు అని పేరు పెట్టి ఉన్నదాన్ని ఇంకా అనుమానంగా చూడాలి. ఇక్కడ పోర్న్ తీయడం, అమ్మడం చట్టవిరుద్ధం. కాబట్టి కాగితాలు సరిగ్గా రాసుకుని, వయసు సరిచూసుకుని, నటికి డబ్బిచ్చి పైకి కనబడుతూ పనిచేసే తెలుగు పోర్న్ కంపెనీ అంటూ ఉండే అవకాశమే లేదు. అంటే మీకు కనిపించే "తెలుగు" వీడియో చాలాసార్లు ఎవరి పడగ్గదిలోంచో బయటికొచ్చినదై ఉంటుంది, లేదా చట్టం కళ్ళుగప్పి ఏ షరతుల మీద తీశారో ఎవరికీ తెలియనిదై ఉంటుంది. మన భాష వినిపిస్తే బాగుంటుందన్న కోరిక నాకూ అర్థమవుతుంది. దానికి దారి వీడియో కాదు. కిందకి రండి, చెప్తా.

డీప్‌ఫేక్‌లు కూడా ఇదే లెక్క. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకో అమ్మాయి ఒంటికి అతికించిన క్లిప్ ఒకటి తిరిగింది, లిఫ్ట్‌లోకి అడుగుపెడుతున్నది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న కుర్రాడు మన గుంటూరు వైపువాడే. అది పోర్న్ వీడియో కూడా కాదు, అయినా అంత గొడవయింది. హీరోయిన్ పేరు కొడితే వచ్చేవన్నీ దీనికంటే ఘోరమైనవి. అక్కడ ముఖం ఒకరిది, ఒళ్ళు ఒకరిది, ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోలేదు.

మూడో పని: ఫ్రీ ఎందుకొస్తోందో అడగండి

పెద్ద ఫ్రీ సైట్ల వ్యాపారం చాలా సింపుల్. ఎవరో తీసింది ఎవరో ఎక్కిస్తారు, మీరు చూస్తారు, పక్కనున్న యాడ్‌కి డబ్బు సైటుకి పోతుంది. కంపెనీ పెట్టి, మనుషుల్ని పెట్టుకుని తీసినదాన్ని కూడా కట్ చేసి పైరసీగా పెట్టేస్తారు. మన దగ్గర రిలీజ్ రోజే థియేటర్ ప్రింట్ వచ్చేసినట్టు. ఒకప్పుడు అయితే ఎవరు ఎక్కిస్తున్నారో అడిగే దిక్కే లేదు. 2020 డిసెంబర్‌లో అమెరికాలో ఒక పెద్ద పత్రిక పోర్న్‌హబ్ అనే పెద్ద ఫ్రీ సైటు మీద రాశాక, వీసా, మాస్టర్‌కార్డ్ దానికి పేమెంట్లు ఆపేశాయి. అప్పుడుగానీ ఆ సైటు గుర్తింపు చూపించనివాళ్ళు ఎక్కించిన వీడియోలు తీసేయలేదు. తీసేసినవి కోటి దాకా ఉన్నాయి. అంటే అప్పటిదాకా అన్ని వీడియోల్లో ఉన్నదెవరో, ఎక్కించిందెవరో సైటుకే తెలియదన్నమాట! 2021లో మాస్టర్‌కార్డ్ ఇంకో రూలు పెట్టింది, తన కార్డులు తీసుకునే పెద్దల సైట్లు వీడియోలో ఉన్నవాళ్ళ వయసు, ఒప్పుకోలు కాగితాలు ఉంచుకోవాలని. ఇన్నేళ్ళు ప్రభుత్వాలు చేయించలేని పనిని రెండు కార్డు కంపెనీలు వారంలో చేయించాయి, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సరదా ఏంటంటే, 2023లో ఆ సైటు మాతృసంస్థని కొన్న కెనడా కంపెనీ పేరు ఎథికల్ క్యాపిటల్ పార్ట్‌నర్స్. కాబట్టి "ఎథికల్" అన్న బోర్డు చూసి మురిసిపోకండి. "స్వచ్ఛమైన నెయ్యి" అని డబ్బా మీద రాసినంత మాత్రాన అందులో డాల్డా లేదని కాదు కదా.

నాలుగో పని: డబ్బులు తీసుకునే సైటుని కూడా తిరగేసి చూడండి

ఫ్రీ చెడ్డది, పెయిడ్ మంచిది అని గీత గీసేస్తే పని తేలికయ్యేది. అలా కాదు. అమెరికాలో శాన్‌డియాగోలో ఒక పెయిడ్ సైటు ఉండేది, పేరు రాయను, రాస్తే వెతికేవాళ్ళుంటారు. మోడలింగ్ అని యాడ్ ఇచ్చి కాలేజీ అమ్మాయిల్ని పిలిచేవాళ్ళు, వీడియో ఎక్కడో ఆస్ట్రేలియా వైపు డీవీడీగా మాత్రమే అమ్ముతాం, నెట్‌లో పెట్టం అని చెప్పేవాళ్ళు, సంతకాలు తీసుకునేవాళ్ళు. నెలలోపే అది ఆ అమ్మాయి చదివే కాలేజీ మొత్తానికి తెలిసిపోయేది. 22 మంది కలిసి కోర్టుకెళ్ళారు, 2020 జనవరిలో దాదాపు కోటీ ముప్పై లక్షల డాలర్లు గెలిచారు. పారిపోయిన యజమానిని 2022 చివర్లో స్పెయిన్‌లో పట్టుకున్నారు, 2025లో 27 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ఆ వీడియోలు చూసినవాడికి ఏం కనిపించి ఉంటుంది? నవ్వుతున్న అమ్మాయి, కెమెరాకి పేరు, వయసు చెప్పి "ఇష్టపడే వచ్చాను" అన్న మాట. ఆ మాట కూడా స్క్రిప్టులో భాగమే. వీడియోలో నవ్వు చూసి తీర్పు చెప్పలేమని నేను దీని నుంచే నేర్చుకున్నా.

మరి దేన్ని చూసి చెప్పాలి? వీడియో బయట ఉన్నవాటిని చూసి. నేను చేసేది చెప్తా. ముందు నటీనటుల పేర్లున్నాయా చూస్తా. అసలు పేర్లు కానక్కర్లేదు, స్క్రీన్ పేరైనా చాలు. సినిమాలో క్రెడిట్స్ ఎందుకుంటాయో ఇక్కడా అందుకే. ఆ పేరు పట్టుకుని ఆ మనిషి సొంత పేజీకి వెళ్తా. అక్కడ ఆమె ఈ వీడియో గురించి తనే చెప్పుకుంటోందా, ఆ సైటు లింకు తనే పెట్టిందా, ఇంకా ఈ పనిలో ఉందా? తను చేసిన పనిని తనే అమ్ముకుంటుంటే అంతకంటే గట్టి ఆధారం ఉండదు. అదే ఒక సైటులో వందల మంది అమ్మాయిలుండి, ప్రతి ఒక్కరూ ఒక్క వీడియోలోనే కనిపించి తర్వాత ఎక్కడా లేకపోతే, అక్కడి నుంచి బయటికొచ్చేస్తా. శాన్‌డియాగో సైటు సరిగ్గా అలాంటిదే.

తర్వాత సైటు అడుగుకి దిగండి. అమెరికా సైట్లలో 2257 అన్న అంకెతో ఒక లింకు ఉంటుంది, నటించినవాళ్ళ వయసు రుజువులు మా దగ్గరున్నాయని చెప్పే చట్టబద్ధమైన ప్రకటన అది. ఉంటే మంచిదే, కానీ అది వయసు గురించే, ఇష్టం గురించి కాదు, అది గుర్తుపెట్టుకోండి. దాని పక్కనే కంప్లెయింట్ లింకు ఉందా, వీడియోలో ఉన్న మనిషి "తీసేయండి" అంటే ఏం చేస్తామో రాశారా చూడండి. తీసినవాళ్ళెవరో ముఖం, పేరు చూపించుకుంటున్నారా? షూటింగ్ ముందు ఏం మాట్లాడుకున్నారు, ఎవరికి ఏది ఇష్టం లేదు, మధ్యలో ఆపమంటే ఆపారా అన్నది కొందరు ఇంటర్వ్యూలుగా పెడతారు. వీడియో కంటే ముందు ఆ ఇంటర్వ్యూ చూడండి. నాకైతే ఒకదాంట్లో ఆమె కుర్చీలో కూర్చుని మగ్గులో టీ తాగుతూ "ఆ రోజు నాకు మెడ పట్టేసింది, అందుకే ఆ సీన్ మార్చాం" అని చెప్పడం ఇప్పటికీ గుర్తుంది. పనిచేసే మనిషి పని గురించి మాట్లాడినట్టు మాట్లాడింది.

పేర్లు కావాలంటే, ఈ దారి ఈ మధ్య పుట్టింది కాదు. అప్పటిదాకా నటిగా ఉన్న క్యాండిడా రాయల్ 1984లో న్యూయార్క్‌లో ఆడవాళ్ళ కోణంలో తీయడానికి సొంత కంపెనీ పెట్టింది. స్వీడన్‌లో పుట్టి బార్సిలోనాలో పనిచేసే ఎరికా లస్ట్ ఇప్పుడు అందరికంటే ఎక్కువ వినిపించే పేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో షైన్ లూయీస్ హ్యూస్టన్ నడిపే పింక్ అండ్ వైట్ ప్రొడక్షన్స్ స్వలింగ, ట్రాన్స్ జంటల మీద దృష్టి పెట్టినది. సిండీ గ్యాలప్ 2009లో ఒక ప్రసంగంతో మొదలుపెట్టిన మేక్ లవ్ నాట్ పోర్న్ ఇంకో రకం. అందులో మామూలు జంటలు తమ వీడియో తామే పెడతారు, ప్రతిదాన్నీ మొదటి నుంచి చివరిదాకా మనుషులు చూశాకే ఎక్కిస్తారు, వచ్చిన డబ్బులో సగం ఆ జంటకి. పేరు చెప్పాను కదా అని నా మాట మీద నమ్మేయొద్దు, పై పరీక్ష వీటికీ పెట్టండి. ఏ సైటైనా మీ దగ్గర తెరుచుకోకపోతే దాన్ని దాటే ట్రిక్కులు నేను చెప్పను, వేరే దారులు చాలా ఉన్నాయి.

అయిదో పని: డబ్బు కట్టడం

మనవాడికి ఇది అన్నిటికంటే కష్టం. మూడొందలు పెట్టి బిర్యానీ తింటాం, దీనికి మాత్రం రూపాయి తీయం. తీయకపోతే ఎవరో ఒకరు ఆ ఖర్చు మోస్తారు, ఎక్కువసార్లు ఆ వీడియోలో ఉన్నామె.

కట్టేటప్పుడు కార్డుకి ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసుండాలి, బ్యాంకు యాప్‌లో కార్డు కంట్రోల్స్‌లో ఉంటుంది. లిమిట్ తక్కువ పెట్టుకోండి, పని అయ్యాక ఆఫ్ చేసేయండి. ఆటో రెన్యువల్ ఉందేమో ముందే చూసుకోండి. స్టేట్‌మెంట్‌లో ఏ పేరుతో పడుతుందో కూడా, ఇంట్లో మీ కార్డు బిల్లు ఇంకెవరైనా చూస్తుంటే. నటులు నేరుగా అమ్ముకునే ఓన్లీఫ్యాన్స్ లాంటి చోట కంపెనీ 20 శాతం తీసుకుని 80 శాతం వాళ్ళకిస్తుంది, ఆ లెక్కన మంచిదే. కానీ అక్కడ మీతో తియ్యగా చాట్ చేసేది చాలాసార్లు ఆమె కాదు, ఏజెన్సీ పెట్టుకున్న జీతగాడు. వీడియోకి కట్టండి, ప్రేమకి కట్టకండి.

టెలిగ్రామ్‌లో యూపీఐకి 199 కొడితే "తెలుగు వీఐపీ గ్రూప్" అనేవాటికి ఒక్క రూపాయి కూడా వద్దు. లీకులు కొని లీకుల వ్యాపారం పెంచినవాళ్ళవుతారు. చాలాసార్లు 199 కొట్టాక ఇంకో 499 అడిగి బ్లాక్ చేస్తారు. "వీడియో కాల్ చేస్తావా" అని వచ్చే తెలియని నంబర్లు కూడా అంతే, కాల్ రికార్డు చేసి మీ కాంటాక్ట్స్‌కి పంపుతామని బెదిరిస్తారు. అలా ఇరుక్కుంటే డబ్బు కట్టకండి, కడితే మళ్ళీ అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఆగొద్దు, వాళ్ళు మీ సిగ్గు మీదే బతుకుతున్నారు.

ఆరో పని, నాకు ఇష్టమైనది: కెమెరా లేని దారులు

అసలు ఎవరి ఒళ్ళూ తీయకపోతే సగం ప్రశ్నలు ఎగిరిపోతాయి. చదవడం, వినడం.

ఆడియో యాప్‌లు అమెరికాలో ఒక అయిదారేళ్ళుగా బాగా పెరిగాయి, డిప్సీ, క్విన్ లాంటివి. స్క్రిప్టు రాసేవాళ్ళకి, గొంతు ఇచ్చేవాళ్ళకి ఇది ఉద్యోగం. ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదటిసారి వింటే ఎఫ్ఎం రేడియో నాటకంలా ఉండి నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. రెండు మూడు సార్లు లైటు తీసేసి వినండి. వీడియో అంతా చూపించేస్తుంది కాబట్టి మనం ఊహించడం మర్చిపోయాం, ఆ కండరం మళ్ళీ పనిచేయడానికి కొంచెం టైమ్ పడుతుంది. ఒక్క హెచ్చరిక. బ్లూటూత్ హాల్లో ఉన్న స్పీకర్‌కి కనెక్ట్ అయి లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. నాకు జరగలేదు, మా కజిన్‌కి జరిగింది, మా పెద్దమ్మ పూజ చేసుకుంటుండగా.

చదవడానికైతే ఇంగ్లీషులో ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ లాంటి చోట్ల అభిమానులు రాసుకునే కథలున్నాయి. డబ్బు లేదు, యాడ్ లేదు. అక్కడ నాకు నచ్చేది ట్యాగులు. కథ మొదట్లోనే ఇందులో ఏముంది, బలవంతం ఉందా, హింస ఉందా అని రచయిత రాస్తారు, వద్దనుకున్నవి వడకట్టేసుకోవచ్చు. ఆ అలవాటు తెలుగు నెట్ కథల్లోకి ఇంకా రాలేదు. మన "బూతు కథలు" తెరిస్తే వదిన, అత్త, పనిమనిషి, సగం కథల్లో ఆమె "వద్దు వద్దు" అంటుంది, తర్వాతి పేరాకి ఒప్పేసుకుంటుంది. కథే కదా, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అంటారా, నిజమే, వీడియోతో పోలిస్తే చాలా మెరుగు. కానీ "వద్దు అంటే కావాలని" అన్న పాఠం అందులోంచే ఎక్కుతుంది. పెద్దవాళ్ళ మధ్య, ఇద్దరికీ ఇష్టంగా ఉండేవే ఏరుకోండి. పిల్లలున్నవి రాతలో ఉన్నా, బొమ్మల్లో ఉన్నా ముట్టుకోవద్దు. ఐటీ చట్టం 67బీ వాటినీ వదలదు.

తెలుగు వినిపించాలన్న కోరికకి నా జవాబు కొంచెం పాతకాలపుది. పదిహేడో శతాబ్దం నాటి క్షేత్రయ్య పదాలు తిరగేయండి. సంగీతం కచేరీలో విన్నట్టు కాదు, మాటలు చదవండి. మాట్లాడేది ఎక్కువగా ఆడమనిషే, మువ్వగోపాలుడి మీద కోరిక తనే చెప్తుంది, కోపం వస్తే గుమ్మం దగ్గరే నిలబెట్టి కడిగేస్తుంది, వద్దనిపిస్తే పొమ్మంటుంది. ఆమెకి ఏం కావాలో ఆమె నోటితోనే వింటాం. పదాలు అర్థం కాకపోతే వ్యాఖ్యానం ఉన్న ప్రతి తీసుకోండి. హాలుడు సంకలనం చేసిన గాథాసప్తశతికి తెలుగు అనువాదాలున్నాయి, అది ఇంకా తేలిక, ఒక్కో పద్యం రెండు లైన్లే. ఎక్కడా బండగా ఉండదు, అయినా చెవులు వేడెక్కుతాయి.

ఏడో పని: పక్కనున్న మనిషితో మాట్లాడటం

పెళ్ళయినవాళ్ళకి, తోడు ఉన్నవాళ్ళకి ఇదే దగ్గరి దారి, ఇదే భయం కూడా. మంచం మీద, సరిగ్గా ఆ టైమ్‌లో ఎత్తకండి. వంటింట్లో కూరగాయలు తరుగుతూనో, కారులో వెళ్తూనో, ఒకరి మొహం ఒకరు చూడాల్సిన పని లేని చోట అయితే మాట తేలిగ్గా వస్తుంది. "నువ్విలా చెయ్" అని మొదలుపెట్టకుండా "మొన్న ఒక కథ చదివాను, నాకు బాగుంది, నీకు పంపనా?" అని చూడండి. ఒక స్నేహితుడి ఇంట్లో జరిగింది చెప్తా, అడిగే రాస్తున్నా. వాడు కథ పంపాడు. రెండు రోజులు ఆమె ఏమీ అనలేదు, వీడు బిక్కచచ్చిపోయాడు. మూడో రోజు ఆఫీసులో ఉండగా మెసేజ్. "చదివానండీ. ఆ హీరో మరీ తొందరమనిషి." అక్కణ్ణుంచి ఇద్దరూ ఆ కథని మార్చి రాసుకోవడం మొదలుపెట్టారట, వాట్సాప్‌లో కాదు, ఒక పాత రూళ్ళ నోట్‌బుక్‌లో.

ఆమెకి ఇష్టం లేదంటే అక్కడితో ఆపేయండి, వారం తర్వాత మళ్ళీ తిప్పి తిప్పి అడగకండి. ఇద్దరూ ఒప్పుకున్నా మీ వీడియో మీరు తీసుకోవడం నేను సలహా ఇవ్వను. ఫోన్లు పోతాయి, రిపేరుకి ఇస్తాం, క్లౌడ్‌లోకి బ్యాకప్ అయిపోతాయి, సంబంధాలు కూడా చెడిపోతాయి. తీసి ఉంటే ఇద్దరూ కలిసి కూర్చుని డిలీట్ చేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. ఒకవేళ ఇప్పటికే మీ ఫొటోతో ఎవరైనా బెదిరిస్తుంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది, చేరిన సోషల్ మీడియా కంపెనీలు అది ఎక్కకుండా ఆపుతాయి. 2021 నాటి ఐటీ రూల్స్ అలాంటి ఫొటోని కంప్లెయింట్ అందిన 24 గంటల్లో తీసేయాలని పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకి తగ్గించారు, కాబట్టి ప్లాట్‌ఫామ్‌కి కూడా రాతపూర్వకంగా పెట్టండి, టైమ్ నోట్ చేసుకోండి.

తోడు లేనివాళ్ళకి ఇంకో మాట. ఏదీ చూడకుండా, వినకుండా కూడా పని జరుగుతుంది. హస్తప్రయోగం వల్ల నరాల బలహీనత వస్తుందని బస్టాండు గోడల మీద రాసేదంతా మందులు అమ్ముకోవడానికి.

ఇక ఇవన్నీ మార్చినా రోజుకి గంటలు పోతున్నాయి, ఆపాలనుకున్నా ఆగట్లేదు, ఉద్యోగం, నిద్ర దెబ్బతింటున్నాయి అంటే అది ఏది చూస్తున్నామన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో అలా అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనకి ఒక పేరు ఉంది, దానికి చికిత్స కూడా ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

మొదలుపెట్టడానికి ఒక వారం చాలు. మొదటి రోజు ఫోన్ దులపండి. మూడు రోజులు మామూలుగా ఏది చూడబోతున్నా దాని టైటిల్ పైకి చదవండి, పెదాలు కదిలేలా. నేను చేసినప్పుడు రెండో రోజుకే సగం ట్యాబులు మూసేశాను, ఎందుకంటే ఆ మాటలు నా గొంతులో వినడం నాకే నచ్చలేదు. మిగిలిన రోజుల్లో ఒక ఆడియో, ఒక కథ, కుదిరితే ఒక పెయిడ్ సైటు ఇంటర్వ్యూ. ఏదీ నచ్చకపోతే కంగారేం లేదు, ఇన్నేళ్ళ అలవాటు కదా, వచ్చే వారం ఇంకోటి.